పెద్ద బాకాలో కాపురం

బ్యాండు మేళంలో మూడేళ్లు తాళాలు కొట్టిన మేనకోడలికి ఎట్టకేలకు పెద్ద బాకా వాయించే అవకాశం వచ్చింది. ఒంటికి కొండచిలువలా చుట్టుకుని, తలమీద గొడుగంత నోరు తెరిచే ఇత్తడి వాయిద్యం అది. మర్నాడు ఉదయం పది గంటలకు కొత్త ఆసుపత్రి ప్రారంభం. అక్కడ నెగ్గుకొస్తే బాకా ఆమెది. లేదా మళ్లీ తాళాలే.

మేనమామే మేళానికి మాస్టరు. ఆయన పద్ధతి ఆయనది. కొత్తగా నేర్చుకునేవాళ్లు రెండు నెలలు బాకాను ముట్టుకోకూడదు. నోటికి ఆనించే చిన్న గిన్నెలాంటి ముక్కను ఊడదీసి చేతిలో పెడతాడు. "ముందు పెదవులకు బుద్ధి రావాలి" అంటాడు. ఆమె ఆ ముక్కనే బస్సులో, బట్టలు ఆరేస్తూ, ఆఖరికి కూరగాయల బేరం మధ్యలో కూడా బుర్రుబుర్రుమనిపించింది. బాకా మాత్రం రిహార్సల్ గదిలో, వెంటిలేటర్ పక్కన కొక్కేనికి వేలాడింది. రెండు నెలలు దాని మొహం చూసినవాడు లేడు.

రెండు నెలలూ నిండిన ఆ సాయంత్రం ఆమె నిచ్చెనెక్కి, ముక్కను బిగించి, గుండెల నిండా గాలి పీల్చి ఊదింది.

లోపల ఎవరో బుస్సుమన్నారు. దుమ్ము, ఈకలు, ఒక ఎలుక తోక ఎగిరొచ్చి నెత్తిన పడ్డాయి. వాటి వెనకే బాకా అంచు మీదికి మూడు తెల్లటి మొహాలు లేచాయి.

"మావయ్యా! ఇందులో ఎవరో అద్దెకు దిగారు!"

క్లారినెట్ వాయించే బాబాయి నాలుగడుగులు వెనక్కి వేశాడు. "గూబపిల్లలు! ఇంటిమీద వాలితేనే అరిష్టం, ఇది కాపురమే పెట్టేసింది. దులిపి అవతల పారెయ్యి."

"ఈ మధ్య నీ క్లారినెట్ పెట్టెను ఎలుకలు కొరకట్లేదని మురిసిపోయావుగా బాబాయ్. ఎవరి దయ అనుకున్నావు?"

బాబాయి వంగి పెట్టె మూలలు తడిమి చూసుకున్నాడు.

ఆమె ముక్కను ఊడదీసుకుని దిగాక మామ నిచ్చెనెక్కాడు. ఆయనా పిల్లలూ చాలాసేపు ఒకరినొకరు గుడ్లప్పగించి చూసుకున్నారు.

"నా పద్ధతే కొంప ముంచిందే అమ్మాయ్. ఇవి ఎగరడానికింకా నెల పడుతుంది. కదిపితే తల్లి వస్తుందో రాదో. వాయించాల్సింది నువ్వు, నువ్వే చెప్పు. దించమంటావా?"

మూడేళ్లు ఆమె కళ్లముందు తిరిగాయి. ఒక పిల్ల తల గుండ్రంగా ఊపుతూ ఆమెనే చూస్తోంది.

"పసిపిల్లలున్న ఇల్లు ఖాళీ చేయిస్తామా మావయ్యా. నేను తాళాలే కొట్టుకుంటాలే" అంది. భుజంతో కళ్లు తుడుచుకుంది.

అప్పుడే తండ్రిని భోజనానికి పిలవడానికొచ్చిన బావ గుమ్మంలో నిలబడి అంతా విన్నాడు. కుళాయిలు, పైపులు బిగించడం అతని పని.

"దీనికింత ఏడుపెందుకే మరదలా? బాకా అంటే ఏంటి, వంకర పైపేగా!"

"నువ్వెళ్లి నీ పంపులు బిగించుకో బావా."

వెళ్లినవాడు మొక్కలకు నీళ్లు పట్టే పచ్చ పైపు చుట్ట, పసుప్పచ్చ గరాటు పట్టుకుని తిరిగొచ్చాడు. ఒక కొసకు గరాటు, రెండో కొసకు ఆమె ముక్క టేపుతో బిగించాడు. ఆమె ఊదింది. జలుబు చేసిన ఏనుగు తుమ్మినట్టయింది. గదిలో అందరూ పొట్ట పట్టుకుని కూలబడ్డారు.

మామ ఒక్కడే నవ్వలేదు. చెవి రిక్కించి, "జానెడు కొయ్యి" అన్నాడు. బావ కోశాడు. "ఇంకో నాలుగు వేళ్లు." కోశాడు. క్లారినెట్‌తో శ్రుతి కలిసింది.

"మూడే స్వరాలు పలుకుతున్నాయి మావయ్యా."

"వెనకనుండి ఊతమిచ్చేదానికి ఆ మూడూ చాలు."

మర్నాడు మేళం బయల్దేరింది. భుజాన పచ్చ పైపు, తలమీద పసుప్పచ్చ గరాటుతో ఆమె చివరి వరసలో నడిచింది.

"ఇదేం వాయిద్యమండీ?" అనడిగాడు ఆసుపత్రి గేటు దగ్గర పెద్ద డాక్టరు.

"కొత్త మోడల్ సార్. బరువు తక్కువ" అన్నాడు మామ, మొహంలో ఏ మార్పూ లేకుండా.

ఆమె మొదటి స్వరం తాళానికి అర మాత్ర ఆలస్యంగా పలికింది. అయినా వీధికుక్క ఒకటి మోర ఎత్తి బదులు పలికింది. రెండోసారి ఊదితే ఇంకో రెండు కుక్కలు కలిశాయి. మలుపు దగ్గర పాలవాడి గేదె కూడా గొంతు కలిపింది. కిటికీల్లోంచి నర్సులు విరగబడి నవ్వుతున్నారు. బాబాయికి నవ్వాగక క్లారినెట్ నోట్లోంచి జారిపోయింది.

ఆమె మామ వైపు చూసింది. ఆయన చెయ్యి కిందికి దిగిందంటే ఆపేయమని, ఇక అంతే సంగతులు.

చెయ్యి పైకే లేచింది. డ్రమ్మువాణ్ణి నెమ్మదించమన్నాడు. వేలితో ఆమెను చూపించాడు, తర్వాత కుక్కలను, మళ్లీ ఆమెను, ఆ తర్వాత గేదెను.

"ఊదవే! వాటికి చోటిచ్చి ఊదు! ఒరేయ్ క్లారినెట్టూ, రేపట్నుంచి తాళాలకు ఇంకెవర్నైనా వెతుక్కోవాలి!"

ఆమె బుగ్గలు పూరించి ఊదింది. గేదె సరిగ్గా తాళం లెక్కకే అందుకుంది.