కుళాయి వేళకి క్లాసు

“నీళ్ళ గురించి కూడా చదువుకోవాలిటమ్మా? తిప్పితే వస్తాయి, కట్టేస్తే ఆగుతాయి. అంతకంటే ఏముంది అందులో!” అన్నారు మామగారు, తాగిన గ్లాసు కూర్చున్నచోటే కింద పెడుతూ.

ఆమె అప్పుడు గిన్నెలు తోముతోంది. ఎన్నో దేశాల వాళ్ళు కలిసి ఆన్‌లైన్‌లో చదివే నీళ్ళ కోర్సుకి తనని ఎంపిక చేశారన్న కబురు చెప్పడానికి అంతకంటే మంచి సమయం దొరకలేదు. ఆమె చేతులు ఖాళీగా ఉన్నప్పుడు నోరు తెరిస్తే ఆ ఇంట్లో ఎవరో ఒకరికి ఏదో పని గుర్తొస్తుంది. చేతుల నిండా సబ్బు ఉన్నప్పుడే కాస్త వింటారు. మామగారి మాటకి మరిది పగలబడి నవ్వాడు. “వదినా, పాసైతే బకెట్లకి నీ పేరు రాయిద్దాంలే,” అన్నాడు. అత్తగారు మోకాళ్ళకి నూనె రాసుకుంటూ, “నేను మోశాను, ఇప్పుడు నువ్వు మోస్తున్నావు. ఇందులో చదివేదేముందే?” అంది. భర్త ఒక్కడే నవ్వలేదు. “సరదా పడుతోంది, చదువుకోనివ్వండి. ఇంట్లో పనికి ఇబ్బంది కానంతవరకూ నాకేం అభ్యంతరం లేదు,” అన్నాడు, వరమిస్తున్నవాడిలా. అందరికంటే ఆలస్యంగా ఆమె కూడా నవ్వింది. తన మీద వేసిన హాస్యానికి తనూ నవ్వడం ఆ ఇంటి కోడలి పనుల్లో ఒకటి.

కోర్సు నిజానికి సరదా కాదు. ఆమె ఊరి నీళ్ళు పరీక్ష చేసే ల్యాబ్‌లో కాంట్రాక్టు ఉద్యోగి. ఆమెతో పాటు అదే చదువు చదివి, అదే రోజు చేరిన మగపిల్లలు ఇద్దరు జలాశయం దగ్గర నమూనాలు తీసే పనికి వెళ్ళిపోయి అక్కడే పర్మనెంట్ అయ్యారు. ఆమె మాత్రం గాజు సామాను దగ్గర మిగిలిపోయింది. “వాళ్ళు కడిగితే పగలగొడతారమ్మా, నీ చేతిలో అయితే జాగ్రత్తగా ఉంటాయి,” అంటాడు ల్యాబ్ పెద్ద. అది మెచ్చుకోలని మొదట్లో నమ్మింది కూడా. బయటి పని అడిగితే, “ఆడపిల్లవి, రాళ్ళూ గట్లూ ఎక్కి ఎక్కడ తిరుగుతావు?” అన్నాడు. అడగ్గా అడగ్గా, విసుగొచ్చి, ఈ కోర్సు పూర్తిచేసిన సర్టిఫికెట్ తెస్తే ఆమె పేరు పైకి రాస్తానన్నాడు. మగపిల్లల్ని ఏ సర్టిఫికెటూ అడగలేదన్న సంగతి ఆమెకి తెలుసు. అయినా తలూపింది. ఇంట్లో గిన్నెలూ ల్యాబ్‌లో బీకర్లూ కడుగుతూ తన బతుకు ఇలాగే తెల్లారిపోతుందన్న భయం ఆమెని ఈమధ్య అన్నం తినే వేళ కూడా వదలడం లేదు.

క్లాసు సాయంత్రం పూట. కుళాయి కూడా సాయంత్రం పూటే. వాళ్ళుండేది రెండో అంతస్తు. అక్కడి దాకా ఎక్కేంత జోరు నీళ్ళకి లేదు. కింద వాకిట్లో అందరికీ కలిపి ఒక కుళాయి, రోజు విడిచి రోజు వస్తుంది. వచ్చినంతసేపు కాళ్ళు నేలమీద ఆనవు. కింద పట్టుకోవాలి, మెట్లు ఎక్కాలి, డ్రమ్ములో పొయ్యాలి, మళ్ళీ దిగాలి. ఇంట్లో మనుషులకి కొదవ లేదు. మామగారికి వయసైపోయింది, ఆయన సంగతి సరే. భర్త ఆఫీసు నుంచి అలిసి వస్తాడు, ఆమె మాత్రం ల్యాబ్ నుంచి విహారానికి వెళ్ళొచ్చినట్టు వస్తుంది కాబోలు. ఇక మరిది, కండల కోసం పొద్దునా సాయంత్రం ఇనుప బరువులు ఎత్తుతాడు. ఆమె నీళ్ళు మోసుకుంటూ ఆ గది ముందు నుంచి వెళ్తుంటే లోపల అతను ఒకటీ రెండూ అని లెక్కపెట్టుకుంటూ రొప్పుతుంటాడు. ఇద్దరి రొప్పూ ఒకటే, ఒకరి రొప్పుకి మాత్రమే గుడ్లూ పాలూ.

భర్త నీటి శాఖలో ఇంజనీరు. ఏ వీధికి ఏ వేళ నీళ్ళు వదలాలో నిర్ణయించేది ఆయన సెక్షనే. అందుకే ఓ రోజు ధైర్యం చేసి అడిగింది. “ఏమండీ, మా క్లాసున్న రోజుల్లో మన వీధి వేళ ఓ గంట ముందుకి జరపడానికి వీలవుతుందా?” ఆయన ఆమె వంక చిన్నపిల్లని చూసినట్టు చూశాడు. “ఊరందరి నీళ్ళూ నీ క్లాసు కోసం మళ్ళించమంటావా? రూల్స్ ఉంటాయి.” పై అధికారి ఇంటికి చుట్టాలొచ్చినప్పుడు వాళ్ళ వీధికి వారమంతా పొద్దున్నే నీళ్ళొచ్చాయి. అప్పుడా రూల్స్ ఎక్కడికి పోయాయో ఆమె అడగలేదు. అడిగితే జవాబు రాదు, రాద్ధాంతం వస్తుంది.

కాబట్టి ఆమె చెవుల్లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని, కెమెరా ఆపేసి, ఫోను జేబులో వేసుకుని క్లాసు వింది. ఎండిపోయిన నదుల గురించి, ఉప్పు తేలిన బావుల గురించి, మురికినీటిని మళ్ళీ తాగునీటిగా మార్చడం గురించి, మెట్ల మీద ఎక్కుతూ దిగుతూ వింది. కుళాయి దగ్గర పక్కింటావిడ, “ఎవరితోనమ్మా అంత కబుర్లు?” అంటే, “మా చెల్లెలు,” అని అబద్ధమాడింది. ఓసారి తెల్లజుట్టు మేడం, అంటే కోర్సు నడిపే ప్రొఫెసరు, హఠాత్తుగా ఆమెని ప్రశ్న అడిగింది. మూడో మలుపు దగ్గర బకెట్ దించి, ఆయాసపడుతూనే జవాబు చెప్పింది. జవాబు సరైనదే. “వ్యాయామం చేస్తున్నారా?” అని ఎవరో దూరదేశపు కుర్రాడు సరదాగా అడిగాడు. “అవును,” అంది. అందరూ భేష్ అన్నారు. ఆ రాత్రి ఆమెకి ఆ భేష్ గొంతులో ముల్లులా గుచ్చుకుంది.

చివరికి ఓ మెయిల్ వచ్చింది. ముగ్గురు ముగ్గురు కలిసి ఆఖరి ప్రజెంటేషన్ ఇవ్వాలి, కెమెరా వేసుకుని నేరుగా మాట్లాడాలి, మాట్లాడని వాళ్ళకి సర్టిఫికెట్ లేదు, రెండో అవకాశం లేదు. ఆమె బృందంలో ఇంకా చదువుకుంటున్న ఓ ఉంగరాల జుట్టు పిల్ల, ఏదో దేశంలో ఆనకట్ట దగ్గర కొత్తగా చేరిన ఓ ఇంజనీరు కుర్రాడు. విషయం, కుళాయి నుంచి నోటి దాకా నీళ్ళు ఎవరి చేతుల మీదుగా వస్తాయన్నది. విషయం చూడగానే ఆమెకి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. తనకి తెలిసిందే అడిగారు ఇన్నాళ్ళకి. ల్యాబ్‌లో భోజనాల వేళ కూర్చుని తన ఇంటి సంగతే రాసింది.

భర్త అది చదివి మొహం గంటు పెట్టుకున్నాడు. “ఇదేంటి? నీటి శాఖ ఇంజనీరు పెళ్ళాం రెండంతస్తులు నీళ్ళు మోస్తుందని దేశదేశాల వాళ్ళకీ చాటుతావా? నా ఉద్యోగానికి ఎసరు పెడదామనా?” అన్నాడు. తర్వాత మెత్తబడ్డాడు. ఆయన మెత్తబడితేనే ఆమెకి ఎక్కువ భయం. “నువ్వు కష్టపడకు. నేను రాసిస్తాలే,” అని పంపుల శక్తీ పైపుల పొడవూ నింపి, చక్కటి బొమ్మలతో సహా రాసిచ్చాడు. ఆఖర్న ఒక వాక్యం. “నేడు మా ఊళ్ళో ఎవరూ నీళ్ళు మోయవలసిన అవసరం లేదు.” ఆమె థాంక్సండీ అంది. అలా అన్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

ప్రజెంటేషన్ రోజు సాయంత్రం ఆమె పడకగదిలో లాప్‌టాప్ ముందు కూర్చుంది. కుళాయి సంగతి ఈ ఒక్కరోజుకీ చూసుకొమ్మని పొద్దుటే అందరికీ చెప్పింది. అందరూ ఊఁ అన్నారు. ఉంగరాల జుట్టు పిల్ల మాట్లాడింది, ఆనకట్ట కుర్రాడు మాట్లాడాడు, ఆమె వంతు వచ్చింది. పంపులయ్యాయి, పైపులయ్యాయి. “నేడు మా ఊళ్ళో ఎవరూ నీళ్ళు మోయవలసిన అవసరం...” అంటుండగా ముందుగదిలోంచి కేక.

“అమ్మాయ్! నీళ్ళొచ్చాయి!”

అత్తగారు. ఆమె వాక్యం అక్కడే ఆగిపోయింది.

“వదినా, నీళ్ళు!”

“ఈ పిల్లకి చెవుడా ఏమిటి? కుళాయి వచ్చిందమ్మా!” ఇది మామగారు.

“ఏమోయ్, వినపడట్లేదా? నీళ్ళు!” ఇది భర్త.

చెప్పడానికి నలుగురున్నారు.

“ఎవరో మిమ్మల్ని పిలుస్తున్నట్టున్నారు. అంతా బాగానే ఉందా?” అంది తెల్లజుట్టు మేడం తెర మీద.

చుట్టాలొచ్చారని చెప్పబోయింది. ఇదివరకు క్లాసులో ఇలాంటి కేకలు వినపడ్డప్పుడు అదే చెప్పింది, నాలుకకి అలవాటైన అబద్ధం. కానీ ఈసారి కెమెరా వేసి ఉంది, అందరూ ఆమె మొహంలోకి చూస్తున్నారు. “నీళ్ళొచ్చాయని చెబుతున్నారు,” అంది.

“ఎవరికి?”

“నాకు. నేను వెళ్ళి పట్టాలి.”

“ఇంట్లో ఇంకెవరూ లేరా?”

“ఉన్నారు మేడం. వాళ్ళే చెబుతున్నారు.”

ఎవరూ నవ్వలేదు. మేడం, “తప్పదంటే వెళ్ళండి. కానీ మీ వంతు మళ్ళీ పెట్టే వీలు నాకు లేదు. నన్ను క్షమించాలి,” అంది.

ఈలోగా తలుపు తెరుచుకుంది. భర్త కెమెరాకి కనపడకుండా గోడవారగా నిలబడి, గొంతు తగ్గించి, “కాసేపు ఆపి, వెళ్ళి పట్టుకొచ్చెయ్. ఇవాళ పట్టకపోతే ఎల్లుండి దాకా చుక్క ఉండదు,” అన్నాడు. అప్పుడే బయట ఖాళీ బకెట్ మెట్ల మీద ఈడుస్తున్న చప్పుడైంది. ఒక్కో మెట్టుకీ ఒక మూలుగు. “చూడు, అమ్మ వెళ్తోంది. ఆ మోకాళ్ళతో. నీకు సిగ్గనిపించడం లేదూ?”

సిగ్గనిపించింది. ఆ మోకాళ్ళు ఎక్కడ అరిగాయో ఆమెకి తెలుసు. అవే మెట్లు. తను కదలకపోతే ఇంట్లో మగవాళ్ళెవరూ లేవరు, ఆ ముసలావిడే లేస్తుంది, లేచి పడిపోతుంది కూడా. ఆ నేరం తన నెత్తినే వేస్తారు. తనకి ఎదురు చెప్పే దారి ఉందనుకుంటే, ఆ దారి మధ్యలో కూర్చున్నది ఇంకో ఆడమనిషి. ఒక్క నిమిషం అని తెరకి చెప్పి, మైకు ఆపడం కూడా మర్చిపోయి బయటికి పరిగెత్తింది.

అత్తగారు మెట్ల మీద గోడ పట్టుకుని నిలబడి ఉంది. కోడలు ఆవిడ చెయ్యి పట్టుకుని నెమ్మదిగా పైకి తీసుకొచ్చి కుర్చీలో కూర్చోబెట్టింది. “హమ్మయ్య, వచ్చావా!” అంది అత్తగారు, ఇక గండం గట్టెక్కినట్టు. ఆమె బకెట్ అందుకుని తీసుకెళ్ళి భర్త కాళ్ళ దగ్గర పెట్టింది.

“మీరు పట్టండి,” అంది.

“ఏంటీ?”

“లేదా మీ తమ్ముణ్ణి పంపండి. బరువులు ఎత్తడం బాగా వచ్చు కదా.”

ఈసారి మాట పూర్తిగా బయటికొచ్చింది. గదిలోకి వెళ్ళి గడియ పెట్టి తెర ముందు కూర్చుంది.

“ఇందాక నేను చదివింది మావారు రాసిచ్చింది,” అంది. “ఆయన నీటి శాఖలో ఇంజనీరు. పైపుల పొడవు నిజమే, పంపుల లెక్కా నిజమే. ఆఖరి వాక్యం నిజం కాదు. మిగతాది ఇప్పుడు నేను చెబుతాను.”

చెప్పింది. ఇంగ్లీషు అక్కడక్కడా తడబడింది. మెట్ల గురించి, చెవుల్లో క్లాసు పెట్టుకుని మోసిన బకెట్ల గురించి, వ్యాయామమని చెప్పిన అబద్ధం గురించి చెప్పింది. వెనక తలుపు మీద గుద్దులు వినిపిస్తూనే ఉన్నాయి. “రేపట్నుంచి ల్యాబూ లేదు, గీబూ లేదు! వింటున్నావా?” అన్న కేకలు కూడా అన్ని దేశాల వాళ్ళూ విన్నారు. అర్థం ఏమిటని ఎవరూ అడగలేదు. ఉంగరాల జుట్టు పిల్ల చేత్తో నోరు మూసుకుంది. టైం అయిపోయాక మేడం, “ఫలితం తర్వాత తెలియజేస్తాం. జాగ్రత్తగా ఉండండి,” అంది. అంతే, తెర ఖాళీ అయింది. పాసయిందో లేదో తెలియదు. రేపు ల్యాబ్‌కి వెళ్ళగలదో లేదో అదీ తెలియదు. గెలిచినట్టేమీ అనిపించలేదు ఆమెకి. భయం వేసింది, ఒట్టి భయం.

కింద కుళాయి గుడగుడమని గాలి కక్కి ఆగిపోయింది. ఆడవాళ్ళ మాటలు ఒక్కొక్కటే మెట్లెక్కి ఎవరిళ్ళలోకి వాళ్ళవి వెళ్ళిపోయాయి. ఆమె గడియ తీసింది.

బకెట్ ఆమె పెట్టినచోటే ఉంది, ఖాళీగా. మామగారు పేపరు తిరగేస్తున్నారు. మరిది భుజాలు తుడుచుకుంటున్నాడు. భర్త గోడకి ఆనుకుని ఆమె కోసమే కాచుకున్నాడు. “డ్రమ్ము ఖాళీ, బిందె ఖాళీ. ఎల్లుండి దాకా ఇంటిల్లిపాదీ ఎండిపోవాలి. సంతోషమేనా?” అన్నాడు.

అత్తగారు కుర్చీలోంచి లేవలేదు. ఇంతసేపూ ఆవిడ ఆ ఖాళీ బకెట్‌నీ, దాన్ని ముట్టుకోని ముగ్గురినీ చూస్తూ ఉండిపోయినట్టుంది. పెదవులు తడుపుకుంది.

“దాహమేస్తోంది,” అంది. “కాసిని మంచినీళ్ళు కావాలి.”

అందరూ కోడలి వైపు చూశారు. ఆమె కాలు కూడా అలవాటు చొప్పున వంటింటి వైపు ఒకడుగు పడింది.

“దాన్ని కాదు,” అంది అత్తగారు, కొడుకు మొహంలోకి చూస్తూ. “నిన్ను అడుగుతున్నానురా.”