అతుకులో ఈల

రిపేరుకొచ్చిన కారుకు ఇంజిన్‌లోకి గాలి పంపే కొత్త ఇన్‌టేక్ మానిఫోల్డ్ బిగించినప్పటి నుంచి, బండి కదలకుండా ఆన్‌లో ఉంటే చాలు, ఇంజిన్ వణికిపోతోంది. తోటపల్లి గూడూరు మెకానిక్ పెంచలకృష్ణ షెడ్డులో పాటల స్పీకరు హోరెత్తిస్తూ రెండు రోజుల్లో ప్లగ్గులన్నీ మార్చేశాడు. అయినా వణుకు తగ్గలేదు.

స్కూటరుకు పంక్చర్ వేయించుకోవడానికి వచ్చిన చెంచమ్మ ఆ హోరు ఓర్చుకోలేక స్పీకరు ఆపేసింది. రొయ్యపిల్లల హేచరీలో గాలి పైపుల లీకులు పట్టడం ఆమె పని. సంచిలోంచి సన్నటి ట్యూబు తీసి, ఒక కొస చెవిలో పెట్టుకుని, రెండో కొసను మానిఫోల్డ్ అతుకు వెంట మెల్లగా జరిపింది.

“ఈడ గాలి పీలుస్తా ఉండాది.”

పెంచలకృష్ణ అక్కడ తడిగుడ్డ అదిమాడు. వణుకు ఆగిపోయింది. విప్పి చూస్తే అతుకు మధ్య గాలి పోకుండా వేసే గాస్కెట్ మడతపడి ఉంది. ఇంజిన్ మోతలో అంత సన్నటి ఈల ఆమె ఎలా పట్టిందో అతనికి అంతుపట్టలేదు.

“ఆ ట్యూబు నాకిచ్చి పో అక్కా!”

“ట్యూబు సంగతి తర్వాత. ముందు ఆ స్పీకరు అమ్మెయ్.”