లేబుల్ అడుగున రెండు అక్షరాలు

గిస్లేన్ షాంపేన్ సీసాను ఒడిలో పడుకోబెట్టుకుని, బంక రాసిన లేబుల్‌ను బొటనవేలితో నడుమ నుంచి అంచులకు ఒత్తుతోంది. నేలమాళిగ చలికి వేళ్లు కొంకర్లు పోతున్నాయి. ఏప్రన్ జేబులో ద్రాక్షతీగలు కత్తిరించే కత్తెర బరువుగా వేలాడుతోంది. పొద్దున్నే దానికి బాగా నూనె పట్టించింది. కొండవాలు తోటలో కత్తిరింపులు ఎప్పుడని అడిగినప్పుడల్లా మరిది ఎవ్రార్ "చలి తగ్గనీ వదినా" అంటూ దాటేస్తున్నాడు.

ఆ తోట చనిపోయిన ఆమె భర్త ఫిర్మాన్ నాటింది. కాగితాల్లో మాత్రం అత్తగారి పేరు, ఆవిడ పోయాక ఎవ్రార్ పేరు. గిస్లేన్ బతికున్నంతకాలం ఆ తీగలు ఆమె చేతి కిందే ఉండాలని ముసలావిడ పోయే ముందు కొడుకు దగ్గర మాట తీసుకుంది. ఆ ఒక్క మాట పట్టుకుని గిస్లేన్ వాడి ఈసడింపులన్నీ దిగమింగింది.

కొత్త లేబుళ్ల కట్ట విప్పింది. పైన బంగారు రంగులో ఇంటిపేరు. దాని కింద 'బ్రూట్', అంటే తీపి బాగా తక్కువని. కొనేవాళ్ల చూపు అక్కడితో ఆగిపోతుంది. గిస్లేన్ చూపు అలవాటుగా అడుగు అంచుకు జారింది. ఇన్నేళ్లూ అక్కడ చీమతలకాయంత 'ఆర్.ఎం.' ఉండేది. సొంత తోట పండుతో సొంతంగా చేసుకున్నదని దానర్థం. ఇప్పుడక్కడ 'ఎన్.ఎం.' ఉంది. బయట పండు కొని తయారుచేసే వ్యాపారుల గుర్తు అది.

ఆ లేబుల్ పైకెత్తి పట్టుకుని మెట్ల వైపు కేకేసింది.

"ఎవ్రార్! ఇదేంటి?"

వాడు మెట్ల మీద నుంచి తొంగిచూశాడు. "ఏదీ? ఓ, అదా. అచ్చుతప్పు."

"దాని పక్కనుండే మన నంబరు కూడా మారింది. అదీ అచ్చుతప్పేనా?"

వాడు మొహం గంటు పెట్టుకున్నాడు. "తోట అమ్మేశాను. అయితే ఏంటట? నీ అబ్బ సొత్తా?"

"ఎప్పుడు?"

"కోతలయ్యాక. ఇక మీదట పండు కొనుక్కుంటాం."

"ఈ సీసాల్లో ఉన్నది ఇంకా ఫిర్మాన్ పండే కదరా!"

"చచ్చినవాడు లేచొచ్చి లేబుల్ చదువుతాడా? నోరు మూసుకుని అంటించు."

వాడి మొహాన ఉమ్మాలనిపించింది. ఉమ్మలేదు. పాత కట్టలో మిగిలిన ఆఖరి లేబుల్ తీసి, బంక రాసి, ఇంకో సీసాకు తీరిగ్గా అంటించింది. దాన్ని చంకన పెట్టుకుని లేచింది.

"ఆ సీసా ఎక్కడికి?"

"చదివేదాన్ని నేనింకా చావలేదు" అంది గిస్లేన్. జేబులోని కత్తెర తీసి మేజా మీద పడేసి, వాడిని భుజంతో తోసుకుంటూ మెట్లెక్కింది. మళ్లీ ఆ గడప తొక్కలేదు.

కత్తెర కొత్త లేబుళ్ల కట్ట మీద పడింది. పొద్దున పట్టించిన నూనె మెల్లగా కాగితంలోకి ఇంకుతోంది.