రెండు పేర్ల మధ్య నేను

నేను ఒక ఇంగ్లీషు మాటను. పెళ్లి మండపంలో రెండు పేర్ల మధ్య మెరిసే ‘వెడ్స్’ను. నరసరావుపేటలో డెకరేషన్ పని చేసే మస్తాన్ వలీ వేడి తీగతో థర్మోకోల్ కోసి నన్ను పుట్టించి, బంగారు రంగు కొట్టాడు. పెళ్లి పెళ్లికీ పేర్లు మారతాయి, నేను మారను. పెళ్లవగానే పేర్లను విడగొట్టి అక్షరాలన్నీ గోనెసంచిలో పోసేవాడు. వాళ్లు రోజుకూలీలు, నేను పర్మనెంటు. ఆ పొగరు నాకు దండిగానే ఉండేది.

ఇప్పుడు ఎల్‌ఈడీ తెరలొచ్చాయి. గోదాములో విరిగిన కుర్చీల కింద పడి ఉన్నాను. వందల జంటల పేర్లు మరిచిపోయాను. ఒక్క పెళ్లి మాత్రం మరుపుకు రాదు.

పెళ్లికూతురు వైదేహి, కాలేజీలో ఇంగ్లీషు చెప్పేది. ముందురోజు సాయంత్రం మస్తాన్ ఆమె పేరును గుండుసూదులతో పూల తెరకు గుచ్చుతుంటే చెల్లెలితో కలిసి చూడ్డానికి వచ్చింది. చెల్లెలు లాలిత్య, డిగ్రీ ఆఖరి సంవత్సరం.

“ఈ మాటకి మొదట్లో పెళ్లి అని అర్థం కాదే. పాత ఇంగ్లీషులో ‘వెడ్’ అంటే హామీ. ఇచ్చిన మాట తప్పమని అవతలాళ్ల చేతిలో పెట్టే వస్తువు,” అంది వైదేహి.

“అంటే తాకట్టా అక్కా? అయితే రేపు నాన్న నిన్ను తాకట్టు పెడతన్నాడన్నమాట!”

ఇద్దరూ పడీ పడీ నవ్వారు. మస్తాన్ కూడా నవ్వాడు. పన్నెండేళ్లుగా మెరుస్తున్న నాకు నా అర్థం ఆ రోజే తెలిసింది.

మర్నాడు పొద్దున, పది గంటల ముహూర్తానికి ఇంకా గంట ఉందనగా, జడ వేయడానికి వచ్చిన ఆడపడుచు వైదేహి మెడ వెనక రూపాయి బిళ్లంత తెల్లమచ్చ చూసింది. అది ఒకరి నుంచి ఒకరికి అంటుకోదని డాక్టరు రాసిచ్చిన కాగితం వైదేహి సంచిలోనే ఉంది. ఎవరూ చదవలేదు. పెళ్లికొడుకు తల్లి మండపంలోకొచ్చి నిలబడింది.

“చిన్నదానికి మచ్చలు లేవుగా? ఆ పిల్లని కూర్చోబెట్టండి. పీటల మీద పెళ్లి ఆగితే మాకు అరిష్టం.”

ఒకే తల్లి కడుపున పుట్టినవాళ్లలో ఒకతె పనికిరాదట, ఇంకొకతె పనికొస్తుందట. మనుషుల తెలివికి దణ్ణం పెట్టాలి. పెళ్లికొడుకు ఫణీంద్ర ఫోను చూసుకుంటున్నాడు.

“నాకొద్దు నాన్నా, నాకు పరీక్షలున్నయ్,” అని లాలిత్య ఏడ్చింది.

“నా బదులు దాన్ని పెట్టమాకండి నాన్నా,” అంది వైదేహి. సన్నాయి జోరులో ఆ మాట తండ్రికి వినపడలేదో, వినదల్చుకోలేదో.

ఆ తండ్రి పూర్ణచంద్రరావు భుజాన కండువా సర్దుకుని, “మా పిల్లనిస్తానని నలుగుర్లో మాటిచ్చా. మాట పోగూడదు. మస్తానూ, పేరు మార్చవయ్యా!” అన్నాడు.

మస్తాన్ నిచ్చెనెక్కాడు. రెండు సూదులు జారి కింద పడ్డాయి. సంచిలో అన్ని అక్షరాలూ దొరికాయి. నా పక్కన ఒక పేరు ఊడి ఇంకో పేరు రావడానికి పావుగంట పట్టింది. ఫణీంద్ర పేరును ఎవరూ ముట్టుకోలేదు. నేను కదల్లేదు. కదలకపోవడమే కదా నా గొప్ప! ఆ రోజు మాత్రం ఊడి ఆ కండువా మీద పడితే బాగుండుననిపించింది. మస్తాన్ నన్ను గట్టిగా గుచ్చాడు.

వైదేహి నుదుటి బాసికం విప్పి చెల్లెలికి కట్టారు. తర్వాత వైదేహి ఎక్కడికి వెళ్లిందో నాకు కనిపించలేదు. భోజనాల దగ్గర పూర్ణం బూరెలు బాగున్నాయని అందరూ చెప్పుకున్నారు.

అంతకు ముందు, తలంబ్రాలు పోస్తున్నప్పుడు, అందరూ ముందున్న కెమెరా వైపు చూస్తుంటే లాలిత్య ఒక్కతే వెనక్కి తిరిగింది. కొత్తగా గుచ్చిన తన పేరు చూసుకుంది. తర్వాత నన్ను చదివింది. నా అర్థం మళ్లీ ఎవరినీ అడగలేదు.