గేటు దాటిన సంచి

మంచులో తీసే పాటకు ఏ పెట్టెలో ఏం పెట్టాలో ఫిల్మ్‌నగర్‌లో సినిమా దుస్తుల పని చూసే శకుంతలమ్మకు తెలిసినంతగా ఇంకొకరికి తెలియదు. హీరోయిన్‌కు షిఫాన్ చీరలు, హీరోకు తోలు కోటు. ఒక్కో జత ఒక్కో కవర్లో, కవరు మీద సీను నంబరు వేసిన చీటీ. చీటీలు రాసేది ఆమె భర్త వెంకటనర్సయ్య. ఇస్త్రీ కూడా ఆయనదే.

ముప్పై ఏళ్లు ఇద్దరూ ఆ పెట్టెలతో విమానాశ్రయం దాకా వెళ్లి, గేటు దగ్గర యూనిట్ వాళ్లకు అప్పగించి, అదే వ్యానులో తిరిగొచ్చారు. వ్యాను కదలగానే ఆయన ప్రతిసారీ ఒకే మాట అనేవాడు.

“ఒక్కపారి మనం గూడ లోపటికి పోవాలె.”

మొన్న వానాకాలం మొదట్లో ఆయన పోయాడు.

జూబ్లీ హిల్స్ బడిలో తెలుగు చెప్పి ఆ ఏడే రిటైరైన లీలాకుమారికి శకుంతలమ్మ పాత స్నేహితురాలు. పిల్లల నాటకాలకు దుస్తులు కుట్టించుకునే దగ్గర మొదలైన స్నేహం. ఒకరోజు లీలాకుమారి వచ్చి చాప మీద కూర్చుంది.

“డిసెంబర్లో కజకిస్తాన్, అక్కణ్ణుంచి కిర్గిజిస్తాన్. పెట్టెలుండవు. వీపు మీద సంచి, బస్సు ప్రయాణం. వస్తావా?”

“వీపు మీద సంచి ఏంది టీచరమ్మా, ఈ వయసుల బడి పిల్లల లెక్క?”

“ముప్పై అయిదేళ్లు వాళ్ల సంచులు చూశాను. ఇప్పుడు నా వంతు.”

మూడో రోజు శకుంతలమ్మ పాస్‌పోర్టుకు ఏ కాగితాలు కావాలని అడిగింది.

“సంచులు మాత్రం నేనే సర్దుత,” అంది. ముప్పై ఏళ్లుగా అదే పని చేసిన మనిషి సర్దుతానంటే కాదనేవారెవరు?

విమానాశ్రయం గేటు దగ్గర ఆమె కాళ్లు అలవాటుకొద్దీ ఆగాయి. సంచి దించి లీలాకుమారి చేతికి అందించబోయింది.

“నాకెందుకు ఇస్తున్నావ్? నీదే అది. తగిలించుకో.”

జవాను పాస్‌పోర్టు చూశాడు, ముఖం చూశాడు, వెళ్లమన్నాడు. లోపలికి వచ్చాక శకుంతలమ్మ ఒక్కసారి వెనక్కి తిరిగి, వ్యాన్లు ఆగే చోటు చూసింది.

కజకిస్తాన్‌లో దిగాక, అల్మాటీ లాడ్జిలో సంచులు తెరిచారు. నూలు చీరలు, మనిషికో పల్చటి స్వెటరు.

“ఉన్నిబట్టలేవి శకుంతలా?”

“గివే. హీరోయిన్ పిల్లలు షిఫాన్ చీరల మూడు దినాలు ఆడతరు. మనకు స్వెటర్ గూడ ఉన్నది గద.”

లీలాకుమారి మంచం మీద కూలబడి నవ్వింది. శకుంతలమ్మ కూడా నవ్వింది, భర్త పోయాక మొదటిసారి. లాడ్జి దుప్పట్లు కప్పుకుని ఇద్దరూ పాత బట్టల బజారుకు పరుగుతీశారు. దొరికినవి మగవాళ్ల కోట్లు, మడమల దాకా ఉన్నాయి. శకుంతలమ్మ పర్సులో సూది దారం ఎప్పుడూ ఉంటాయి. మర్నాడు పొద్దున కూర్చుని కోట్ల చేతులు, అంచులు కత్తిరించి కుట్టింది. మిగిలిన ముక్కలతో రెండు టోపీలు చేసింది. లాడ్జి యజమానురాలు టోపీ చేతిలోకి తీసుకుని, లోపలి కుట్టు తిప్పి చూసి, తల ఊపింది.

అయిదు రోజుల తర్వాత కిర్గిజిస్తాన్‌లో ఒక పల్లె దగ్గర బస్సు దిగారు. ఎటు చూసినా మంచే. శకుంతలమ్మ కోటు విప్పింది, స్వెటరు కూడా తీసింది. రెండూ లీలాకుమారి చేతిలో పెట్టింది.

“ఏం చేస్తున్నావే, మతి పోయిందా?”

“ఒక్క షాటు, టీచరమ్మా.”

చీర కొంగు గాలికి ఎగిరింది. ఆమె మనసులో అంకెలు లెక్కపెట్టుకుంది. ఇరవై దాకా వచ్చేసరికి వేళ్లు తనవి కాకుండా పోయాయి. లీలాకుమారి కోటు కప్పి గట్టిగా పట్టుకుంది.

“ఆ పిల్లలు దీంట్లనే నవ్వుకుంట ఆడిన్రు,” అంది శకుంతలమ్మ, పళ్లు కొట్టుకుంటుండగా. కాసేపటికి, ఎవరితోనూ కాకుండా, “లోపటికి వచ్చిన,” అంది.

ఫిబ్రవరిలో ప్రొడక్షన్ మేనేజర్ కమలాకర్ శకుంతలమ్మను జూబ్లీ హిల్స్ ఆఫీసుకు పిలిచాడు. మళ్లీ మంచులో పాట. ఆమె ఇచ్చిన జాబితా చదివి కళ్లజోడు తీశాడు.

“చీరల కింద ఒంటి రంగు ఉన్నిబట్టలు, కెమెరా పక్కన రెండు బొంతలు, వేడినీళ్ల సంచి. ఇన్నేళ్లు లేనివి ఇప్పుడెందుకమ్మా? హీరోయిన్లకు అలవాటే.”

“అలవాటు కాదు సార్, ఓర్చుకునుడు.”

“నీకెలా తెలుసు?”

“నేను పోయొచ్చిన.”

పక్కన కూర్చున్న ఇద్దరు అసిస్టెంట్లు తలెత్తి చూశారు. ఎక్కడికని కమలాకర్ అడిగాడు. ఆమె ఊళ్ల పేర్లు ఒక్కొక్కటే, తొందరపడకుండా చెప్పింది. అతను కళ్లజోడు పెట్టుకుని, ఏదీ కొట్టేయకుండా సంతకం చేశాడు.

ఆ వారం చీటీలన్నీ ఆమే రాసింది. అక్షరాలు వెంకటనర్సయ్యవంత గుండ్రంగా రాలేదు, కానీ చదవడానికి బాగానే ఉన్నాయి. పెట్టెలు గేటు దగ్గర అప్పగించి వచ్చి వ్యాను ఎక్కింది. ఆయన కూర్చునే పక్క సీటు ఖాళీగా ఉంది. వీపు మీది సంచి తీసి ఆ సీట్లో పెట్టి, డ్రైవరును పోనిమ్మంది.