ఉతకకూడని స్వెట్టరు

మా అమ్మ స్వెట్టరు నేనే ఉతికాను. ఒకరు చెప్తే కాదు, పొరపాటునా కాదు. వేడినీళ్లు కాచి, సబ్బు అరగదీసి, ఒకటికి రెండుసార్లు బండకేసి బాది మరీ ఉతికాను. ఎంత మంచి పిల్లనో అని ఉతుకుతున్నంతసేపూ నన్ను నేనే మెచ్చుకున్నాను. అప్పటికి నాకు పదకొండేళ్లు.

మాది అడవిజాతి. ఊరి చివర, అడవి కంచెను ఆనుకుని ఉన్న రెండు గదుల రేకుల ఇంట్లో అమ్మ, అమ్మమ్మ, నేను ఉండేవాళ్లం. చూడ్డానికి అందరిలాంటివాళ్లమే. అమ్మ ఆస్పత్రి లాండ్రీలో పని చేసేది. నెత్తుటి మరకల బెడ్‌షీట్లను తోపుడుబండి నిండా నింపుకుని, బాయిలర్ ఆవిర్లో నిలబడి, సాయంత్రానికి వేళ్లు నానిపోయి ఇంటికొచ్చేది. నెలకొక రోజు సెలవు పెట్టి అడవికి వెళ్లేది. వెళ్లి దుప్పిగా మారేది. మారకపోతే ఎముకల్ని లోపల్నుంచి ఎవరో గీకుతున్నట్టు ఉంటుందట. అమ్మమ్మది నక్కరూపం. మోకాళ్లు అరిగాక మారడం మానేసింది. నాదేమిటో పదమూడేళ్లు నిండితే గానీ తేలదు.

అడవికి వెళ్లేవాళ్లు తమ గూటిబట్టను, అంటే ఏళ్లుగా తొడుక్కున్న ఒక బట్టను, ఇంట్లోవాళ్ల చేతికి ఇచ్చి వెళ్లాలి. తిరిగొచ్చేదాకా దాన్ని ఒళ్లో పెట్టుకుని ఒకరు కంచె దగ్గర కాపలా కూర్చోవాలి. అమ్మ గూటిబట్ట ఆ స్వెట్టరు. దాన్ని ఉతకకూడదు. ఎందుకని అడిగితే అమ్మమ్మ "ఉతకకూడదు, అంతే" అనేది. అమ్మేమో "నువ్వు మారిన రోజున చెప్తాంలే" అనేది. ఊరందరి మురికీ వదలగొట్టే మనిషి, తన స్వెట్టరు మీద చుక్క నీళ్లు పడనిచ్చేది కాదు. దానికి తడిమట్టి వాసన, ఆకుపసరు వాసన, చెమట వాసన, వాటన్నిటి కింద ఒక జంతువు వాసన ఉండేవి.

అంతకుముందు నెల బడిలో తల్లిదండ్రుల మీటింగుకి అమ్మ ఆ స్వెట్టరుతోనే వచ్చింది. మా క్లాస్ టీచరు మాట మధ్యలో ఆపి, రుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని, లేచి వెళ్లి కిటికీ తెరిచింది.

"ఇక్కడెక్కడో ఎలక చచ్చినట్టుంది" అంది.

అందరూ నవ్వారు. నిజంగానే ఎలక అనుకుని అమ్మ కూడా నవ్వింది. బెంచీ కిందకి వంగి వెతికింది కూడా. ఆ వంగడం తలుచుకుంటే ఇప్పటికీ నా పళ్లు బిగుసుకుంటాయి.

ఆ మర్నాడే, అమ్మ నా మెడకి చుట్టి పంపిన తన మఫ్లరును టీచరు విప్పించింది. ప్లాస్టిక్ సంచిలో వేసి, మూతి బిగించి ముడేసి, బీరువాలో పడేసింది. "వచ్చే మీటింగులో మీ అమ్మ చేతికే ఇస్తాను. ఈసారైనా శుభ్రంగా రమ్మను" అంది.

మీటింగు బుధవారం. సోమవారం అమ్మ అడవి రోజు. అమ్మమ్మకి మోకాళ్ల వాపు కాబట్టి, మొట్టమొదటిసారి కాపలా నాకు అప్పజెప్పారు. అమ్మ అటు వెళ్లగానే, అమ్మమ్మ మందేసుకుని లోపల నిద్రపోతుంటే, నేను ఇటు నీళ్లు కాచాను. ఊపు మీదున్నాను కదా, దిండు గలీబులు, దుప్పట్లు, అమ్మ విడిచిన బట్టలు, పాత పూల పరుపు తొడుగు కూడా ఉతికి పారేశాను.

పొద్దు వాలుతుండగా దుప్పి వచ్చింది. ఎడమ చెవికి చిన్న చీలిక ఉంది. అమ్మ చెవికీ అక్కడే ఉంటుంది. ఆరిన స్వెట్టరును కంచె మీంచి చాపాను.

"అమ్మా, చూడు ఎంత శుభ్రంగా ఉందో!"

దుప్పి మూతి చాచి వాసన చూసింది. తుమ్మింది. మళ్లీ చూసి, ముందుకాలితో నేలను తన్ని వెనక్కి జరిగింది. చెట్టును చూసినట్టు నన్ను చూసింది. తిరిగి అడవిలోకి వెళ్లిపోయింది.

విషయం చెప్పగానే అమ్మమ్మ నా చెంప మీద ఒక్కటిచ్చింది.

"స్వెట్టరు ఉతికానంటావేమే! మీ అమ్మనే ఉతికేశావు కదే!"

మూడో పొద్దు గుంకేలోగా తన వాసన తనకి దొరక్కపోతే అమ్మ మనిషినన్న సంగతే మర్చిపోతుందట. తాతయ్య అలాగే పోయాడట. ఆయన గూటిబట్ట వానలో తడిసిపోయింది. తానెవరో తెలియకుండా తిరిగి, నాలుగో రోజు పక్కింటాయన కోళ్లగూటి దగ్గరికి వెళ్తే ఆయన ఏదో అడవి జంతువనుకుని తుపాకీతో కాల్చేశాడు. పదేళ్లు రోజూ తాతయ్యతో పేకాడిన మనిషి.

"ఇదంతా నాకు ముందే చెప్పొచ్చుగా!" అని అరిచాను. "ఉతకకూడదు, ఉతకకూడదు అని చావగొట్టే బదులు ఒక్కసారి ఎందుకో చెప్తే మీ సొమ్మేం పోయేది?"

"మా అమ్మా నాకు చెప్పలేదే" అంది అమ్మమ్మ.

ఇల్లంతా గాలించాం. ఎక్కడ ముక్కు పెట్టినా సబ్బు వాసనే. లాండ్రీ యూనిఫాం నిండా బ్లీచింగ్ ఘాటు. అప్పుడు మఫ్లరు గుర్తొచ్చింది. ముడేసిన ప్లాస్టిక్ సంచి. గాలి కూడా దూరనంత గట్టి ముడి.

"దాన్ని తీసుకురా" అంది అమ్మమ్మ. "అప్పటిదాకా నువ్వు కూడా సబ్బు ముట్టుకున్నావో, చేతులు విరగ్గొడతాను."

మంగళవారం బడి తలుపులు తెరిచేసరికి స్టాఫ్ రూం ముందున్నాను.

"మీ అమ్మకే ఇస్తానన్నాను కదా" అంది టీచరు.

"అది ఇస్తేనే మా అమ్మ వస్తుంది టీచర్."

"అదేం బేరం? అది లేకపోతే అడుగు బయట పెట్టదా మహారాణి?"

"పెట్టదు. మీకు దణ్ణం పెడతాను, ఇవ్వండి."

"ముందు నువ్వు వెళ్లి మొహం కడుక్కో. నీ దగ్గర కూడా కంపు మొదలైంది."

బీరువా తలుపు పట్టుకుని లాగాను. తాళం ఊడలేదు. వాచ్‌మన్ వచ్చి నా రెక్క పట్టుకుని గేటు బయట పెట్టాడు. తుపాకులున్న ఊళ్లో అసలు సంగతి ఎవరికి చెప్పను? ఆ సాయంత్రం దుప్పి కంచె దాకా రాలేదు. దూరంగా గడ్డి మేసి, పిలిస్తే తల కూడా ఎత్తలేదు.

బుధవారం తెల్లారకముందే అమ్మమ్మ కర్ర పుచ్చుకుని అడవిలోకి వెళ్లింది. మోకాళ్లు పోయినా ముక్కు పోలేదు. మధ్యాహ్నానికి జాడ పట్టింది. బడి వెనక గోడ అవతల పొదల్లో ఉందట. బట్టల మూటతో తను అక్కడ కూర్చుంది. నేను చెమట కారుతున్న మొహంతో, మూడు రోజుల జిడ్డు జుట్టుతో నాలుగింటికి మీటింగులోకి వెళ్లాను. పక్క పిల్ల బెంచీ చివరికి జరిగింది. జరగనీ అనుకున్నాను.

టీచరు ఈసారి ముందుజాగ్రత్తగా కిటికీ తెరిచే ఉంచింది. మార్కుల గురించి గంటకు పైగా చెప్పింది. తర్వాత బీరువా తెరిచి, సంచిని రెండు వేళ్లతో ఎత్తి అందరికీ చూపించింది.

"పిల్లల్ని ఎలా పంపకూడదో చెప్పడానికి ఇది దాచాను. వీళ్లమ్మ మళ్లీ రాలేదు. సిగ్గుండాలి కదండీ."

కిటికీలోంచి చూస్తే ఎండ చెట్ల కొసలకి ఎక్కింది. నేను లేచాను. బెంచీ మీంచి బెంచీ మీదకి దూకుతూ వెళ్లి, సంచి లాక్కున్నాను. టీచరు నా జడ పట్టుకుంది. ఆ చేతిని కొరికాను. నేనేం చెయ్యబోతున్నానో నాకు బాగా తెలుసు, తెలిసే కొరికాను. కిటికీలోంచి దూకి, పరుగెత్తి వెళ్లి గోడ ఎక్కి అవతలికి దూకాను.

ముడి వేళ్లకి లొంగలేదు, పళ్లతో చింపాను. సంచిలోంచి మా అమ్మ బయటికొచ్చింది. మట్టి, పసరు, చెమట, అన్నీ. పొదల్లో దుప్పి తలెత్తింది. ఒక్కొక్క అడుగూ వేస్తూ వచ్చి మఫ్లరులో మూతి పెట్టింది.

"అటు తిరుగు" అంది అమ్మమ్మ. మారేటప్పుడు చూడకూడదు. ఎముకలు సర్దుకునే చప్పుడు మాత్రం విన్నాను. ఎవరో తడి కట్టెలు విరుస్తున్నట్టుంది.

"అమ్మా" అని మూలిగిన అమ్మ గొంతు వినపడి తిరిగాను. అమ్మ అమ్మమ్మ భుజం పట్టుకుని నిలబడి ఉంది. నేను ఉతికిన స్వెట్టరు, మెడకి మఫ్లరు. నా వైపు చూసింది.

"ఎవరీ పిల్ల?"

ఏడవలేదు. కోపమొచ్చింది. టీచరు మీద, అమ్మమ్మ మీద, నా రెండు చేతుల మీద. వెళ్లి అమ్మను గట్టిగా పట్టుకుని, తన ముక్కుని నా మెడలో నొక్కాను.

"చూడు! సరిగ్గా చూడు!"

అమ్మ ఊపిరి పీల్చింది. మళ్లీ పీల్చింది. తన చేతులు నెమ్మదిగా నా వీపు మీదకి వచ్చాయి.

"ఒసేయ్ బుడంకాయా," అంది, "ఏంటే ఇంత కంపు కొడుతున్నావు?"

మా ముగ్గురిలో ముందు అమ్మమ్మే ఏడ్చేసింది.

అమ్మ ఎడమ చెవి మాత్రం మారలేదు. గోధుమరంగు నూగుతో, నిక్కబొడుచుకుని, చీలికతో అలాగే ఉండిపోయింది. మఫ్లరు తలకి చుట్టి దాన్ని దాచాం.

"ఇంటికి పోదాం పదండి" అంది అమ్మమ్మ.

"మీటింగు ఉంది" అన్నాను.

గుమ్మంలోంచే వెళ్లాం. చేతికి రుమాలు చుట్టుకున్న టీచరు మమ్మల్ని చూసి, ఆ రుమాలు విప్పి ముక్కుకి పెట్టుకుంది. కిటికీ అంతలోనే ఎవరో మూసినట్టున్నారు. తెరవడానికి లేచింది. నేను వెళ్లి కిటికీకి అడ్డంగా నిలబడ్డాను.

"జరుగు" అంది.

"జరగను టీచర్. మా అమ్మ వచ్చింది. పిల్లల్ని ఎలా పంపకూడదో చెప్తానన్నారుగా, చెప్పండి."

అమ్మ ముందు బెంచీలో కూర్చుంది. మఫ్లరు కింద చెవి ఒకసారి అటు, ఒకసారి ఇటు తిరిగింది. నాకొక్కదానికే కనపడింది.