ఉక్కులో కురిసిన మంచు

నా భర్త సెత్ ప్రాణం తీసిన ఇరుసు ముక్కను అద్దంలా మెరుగుపెట్టింది నేనే.

సెత్ మా ఊరి అటర్‌క్లిఫ్ పేటలో ఉక్కు రేకులు సాగదీసే మిల్లులో పనిచేసేవాడు. ఒక మార్చి నెల ఉదయం, మనిషి నడుమంత లావున్న యంత్రపు ఇరుసు పుల్లలా విరిగిపడింది. దాని పక్కనే సెత్ ఉన్నాడు. వారం తిరక్కుండా కంపెనీ పెద్దమనిషి పూలగుత్తి పట్టుకుని వచ్చాడు. "మీవాడు యంత్రాన్ని మరీ బాదాడమ్మా" అని మెత్తగా చెప్పి వెళ్ళాడు. ఆ మాట మా వీధంతా పాకింది.

ఆ మర్నాడు ఇంకొకాయన వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. చేతిలో టోపీ నలిగిపోతోంది. పేరు ఆంబ్రోస్ స్టానిఫర్త్. ఆకురాళ్ళకు పళ్ళు కొట్టి బతికేవాళ్ళ ఇంట్లో పుట్టి, రాత్రిబడిలో చదివి, కంపెనీలో లోహశాస్త్రవేత్త అయ్యాడు. పనివాళ్ళు ఆయన్ని ఉక్కు డాక్టరనేవారు.

"మీ ఆయన తప్పేం లేదమ్మా" అన్నాడు. "జబ్బు ఉక్కులోనే ఉంది. కొలిమిలోంచి తీసిన ఆ ఇరుసును రెండ్రోజుల్లో చల్లార్చేయొచ్చని కాగితం మీద సంతకం పెట్టింది నేను."

"అయితే ఇక్కడికెందుకొచ్చారు? ఏడుపు చూసిపోదామనా?"

"కాదు. మీకు తెలియాలని."

నేను తలుపు వేసేశాను. కానీ చావు విచారణలో ఆయన ఆ మాటే అందరిముందూ చెప్పాడు. కంపెనీవాళ్ళు ఎంత కళ్ళెర్రజేసినా మాట మార్చలేదు. సెత్ మీద పడిన నింద పోయింది. ఆయన ఉద్యోగమూ పోయింది.

నేను కత్తులు, చెంచాలు మెరుగుపెట్టే షాపులో చేసేదాన్ని. తలకు ఎర్రగుడ్డ, మడ్డి అంటకుండా ఒంటికి కాగితం చుట్టుకుని పన్నెండుమందిమి చక్రాల ముందు కూర్చునేవాళ్ళం. ఆ శరదృతువులో ఒకరోజు స్టానిఫర్త్ మా షాపుకొచ్చాడు. అరచేతిలో పట్టేంత ఉక్కు ముక్క బల్లమీద పెట్టాడు. గీత అన్నది కనపడకుండా నునుపు చేయాలట. తన చేతికి అంత నునుపు రావడంలేదట.

మా అందరిలో పెద్దదైన బీటీకి నోరు ఊరుకోదు. "ఏంటయ్యా, అందులో చూసుకుని గడ్డం గీసుకుంటావా? ఆ మొహానికి ఇంత అద్దం అవసరమా?" అంది. తక్కిన చక్రాలన్నీ ఆగి నవ్వాయి. ఆయన కూడా నవ్వబోయి, నన్ను చూసి ఆగిపోయాడు.

నేను ముక్కను చేతిలోకి తీసుకున్నాను. చల్లగా ఉంది.

"ఇది దేన్నుంచి కోశారు?"

ఆయన అబద్ధమాడలేదు. "ఆ ఇరుసులోంచేనమ్మా. వద్దంటే తీసుకెళ్ళిపోతాను."

బీటీ తన చక్రం వైపు తిరిగింది. నేను చక్రం మీదికి వంగాను. ఎందుకు వంగానో ఇప్పటికీ చెప్పలేను. ముక్క మెల్లమెల్లగా వెలుగు పట్టింది. మొదట కిటికీ కనిపించింది అందులో, తర్వాత నా కళ్ళు. సాయంత్రం దాకా అదే పని.

ఆదివారం ఆ ముక్కను పట్టుకుని, రివెలిన్ ఏటి ఒడ్డున ఆయన అద్దెకు తీసుకున్న కత్తులు సానపట్టే పాత కొట్టానికి వెళ్ళాను. నీటిచక్రం ఎప్పుడో ఆగిపోయింది, దాని నిండా నాచు. కిటికీ దగ్గర సూక్ష్మదర్శిని ఉంది. ఆయన ముక్కను ఉక్కు లోపలి అల్లిక బయటపెట్టే మందునీళ్ళలో ముంచి తీసి, దాని కింద పెట్టి, పక్కకు జరిగాడు.

కన్ను ఆనించాను. మంచు కురిసిన బీడు. కనుచూపు మేరా తెలుపూ బూడిదా కలిసిన పొలాలు, వాటి మధ్య గట్లు, ఎవరూ నడవని దారులు. ఎంత నిశ్శబ్దం! ఆ తెలుపు మీద వెంట్రుక కన్నా సన్నగా నల్లటి చీలిక ఒకటి, వంకరలు పోతూ దూరానికి సాగింది. దాని వెంటే సెత్ నడిచిపోతున్నట్టు, వెనక్కి తిరిగి చూడబోతున్నట్టు అనిపించింది. ఎంతసేపు అలా ఉన్నానో తెలియదు. తలెత్తేసరికి ఆయన నా పక్కన పెట్టిన టీ చల్లారిపోయింది.

"కరిగినప్పుడు ఉక్కు గాలిలోని తేమను మింగుతుందని నా అనుమానం" అన్నాడాయన. "తొందరగా చల్లారిస్తే ఆ ఆవిరి బయటికి రాలేక లోపలే చీలుస్తుంది."

ఆనాటినుంచి మూడేళ్ళు ప్రతి ఆదివారం వెళ్ళాను. ఏటి దిగువన చిన్న కొలిమి యజమాని ఎర్రగా కాలిన ఉక్కు దిమ్మెలు ఇచ్చేవాడు. స్టానిఫర్త్ చల్లార్చేవాడు, కోసేవాడు, నేను మెరుగుపెట్టేదాన్ని, ఇద్దరం చూసేవాళ్ళం. ప్రతిసారీ ఆ మంచుబీడే, ఆ నల్లచీలికలే.

"వేడి బూడిదలో నాలుగు రోజులు ఉంచినా పోవడంలేదు" అని ఒకసారి తల పట్టుకున్నాడు.

"మా అమ్మ అల్లం రొట్టెను పొయ్యి పూర్తిగా ఆరేదాకా బయటికి తీసేది కాదు. తీస్తే నడిమికి పగిలేది. రెండు వారాలు ఉంచండి."

"రెండు వారాలా!"

"ఏం, ఉద్యోగానికి ఆలస్యమవుతుందా?"

ఆయన పగలబడి నవ్వాడు. ఆయన నవ్వడం అదే మొదటిసారి చూశాను.

రెండు వారాలు బూడిదలో నిద్రపోయిన దిమ్మెను కోసి మెరుగుపెట్టి సూక్ష్మదర్శిని కింద పెడితే, బీడు ఉంది, గట్లు ఉన్నాయి, చీలిక లేదు. నా కన్ను ఆ తెలుపంతా తిరిగింది. ఒక్క అడుగుజాడ లేదు. సంతోషించాల్సింది పోయి ఏడ్చాను. అక్కడ ఇక సెత్ లేడు. స్టానిఫర్త్ కిటికీ తెరిచి ఏటి చప్పుడు లోపలికి రానిచ్చాడు.

మరో ఎనిమిది దిమ్మెలు అలాగే వచ్చాక కంపెనీవాళ్ళే ఆయన్ని తిరిగి రమ్మని కబురుపెట్టారు. పొడవాటి బూడిద గుంతలు తవ్విస్తేనే వస్తానన్నాడు. తవ్వించారు. పనివాళ్ళు వాటికి పడకలని పేరు పెట్టుకున్నారు. "ష్, గట్టిగా దగ్గకురా, ఇరుసమ్మ పడుకుంది" అని ఒకరినొకరు ఆటపట్టించుకునేవాళ్ళు. ఆ పడకల మీంచి లేచిన ఇరుసు ఒక్కటీ మా ఊళ్ళో విరగలేదు. స్టానిఫర్త్ నన్ను తన ప్రయోగశాలలోకి తీసుకున్నాడు. నా బల్ల ఆయన బల్ల పక్కనే.

చాలా ఏళ్ళకు లండన్‌లో ఆయనకు పతకం ఇస్తామన్నారు. అది ఇచ్చే రోజు ఆయన రైలెక్కలేదు. నన్ను కొండమీది బీడుకు పిలుచుకెళ్ళాడు. పొదల నిండా చిన్న నీలి పళ్ళు. కింద ఊరు పొగలో మునిగి, కలలో ఊరులా తేలుతోంది. ఇద్దరం మోకాళ్ళ మీద కూర్చుని కోసుకున్నాం. వేళ్ళూ పెదవులూ ఊదారంగయ్యాయి.

"మెర్సీ, నా మీద ఇంకా కోపముందా?" అన్నాడు తలెత్తకుండా. ఇన్నేళ్ళలో ఆ మాట అడగడం అదే మొదలు.

"ఉంది" అన్నాను.

తలూపాడు. నా ఒళ్ళో ఉన్న పళ్ళ గిన్నె ఆయన వైపు జరిపాను. కాసేపటికి చెయ్యి పెట్టి గుప్పెడు తీసుకున్నాడు. గాలికి బీడంతా ఒకేసారి ఒరిగి, మళ్ళీ లేచింది.